మోకాలి వెనుక ఉండిపోయిన సిర

2009లో నా ఎడమకాలికి ఉబ్బుసిరల ఆపరేషన్ జరిగింది. గజ్జలో ఒక గాటు, మోకాలి కింద ఒక గాటు పెట్టి, తొడ లోపలివైపు సాగే పెద్ద సిరను లాగేశారు. అప్పటికి పదిహేనేళ్లుగా నల్లబల్ల ముందు నిలబడి లెక్కలు చెబుతున్నదాన్ని కనుక, ఇక ఆ బాధ తీరిందని సంబరపడ్డాను. కొన్నేళ్లు నిజంగానే తీరింది. 2018లో ఒక పెళ్లికి వెళ్తూ పట్టీలు పెట్టుకుంటుంటే, పిక్క వెనుక మెలికలు తిరిగిన ఉబ్బు ఒకటి వేలికి మెత్తగా తగిలింది. వేలితో నొక్కితే అణిగి, వదలగానే మళ్లీ పైకి లేచింది. "నరాలు కోసినా మళ్లీ మొలుస్తాయే, నేను అప్పుడే చెప్పలేదూ" అంది మా అక్క. మన ఇళ్లలో సిరలన్నిటినీ నరాలనే అంటాం.

సాయంత్రానికి పిక్క బరువెక్కడం, చీలమండ పైన దురద, అక్కడి చర్మం గోధుమరంగుకు తిరగడం మొదలయ్యాక కూడా రెండేళ్లు వాయిదా వేశాను. మళ్లీ కత్తికి ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది. చివరికి గుంటూరులో రక్తనాళాల వైద్యుని దగ్గరకు వెళ్తే, ఆయన చికిత్స మాట ఎత్తకుండా ముందు డాప్లర్ స్కాన్, అంటే సిరల్లో రక్తం ఎటు పారుతోందో తెర మీద రంగుల్లో చూపే పరీక్ష, చేయాలన్నారు.

మొదటి ఆపరేషన్‌కు ముందు నన్ను పడుకోబెట్టి, తొడ వరకే చూసి పంపేశారు. ఈయన మాత్రం ఒక చిన్న మెట్టు మీద నిలబెట్టి, "అమ్మా, బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమకాలిని వదులుగా ఉంచండి" అన్నారు. నిలబడినప్పుడే సిరలు నిండుతాయని, రక్తాన్ని కిందికి జారనివ్వకుండా ఆపే లోపలి కవాటాలు చెడిపోయాయో లేదో అప్పుడే సరిగ్గా తెలుస్తుందని వివరించారు. చల్లటి జెల్ రాసి, మోకాలి వెనుక మడతలో ప్రోబ్ ఆనించి, మరో చేత్తో పిక్కను గట్టిగా పిండి వదిలారు. పిండినప్పుడు తెర మీద ఒక గొట్టంలో నీలిరంగు పైకి పరుగెత్తింది. వదలగానే అదే గొట్టం ఎర్రబడి, చాలాసేపు ఎర్రగానే ఉండిపోయింది. అంటే రక్తం కిందికి జారుతోందన్నమాట. చర్మం కింది సిరల్లో ఈ జారుడు అర సెకను దాటితే కవాటం చెడినట్టు లెక్కట. నాది మూడు సెకన్లు దాటింది.

అది 2009లో ఎవరూ ముట్టుకోని సిర. పిక్క వెనుక నుంచి మోకాలి మడత దాకా వచ్చి లోపలి పెద్ద సిరలో కలిసే చిన్న సఫీనస్ సిర. అది కలిసే చోటు మనిషి మనిషికీ మారుతుందట, అందుకే పైనుంచి చేత్తో తడిమి పోల్చుకోవడం కష్టమట. తరువాత గజ్జలో పాత మచ్చ కింద వెతికితే, దారపు ఉండ విప్పినట్టు సన్నని వంకర సిరలు కొన్ని కనిపించాయి. కోసి కట్టిన చోట అలా కొత్తవి పుట్టడం ఉందని ఆయన అన్నప్పుడు, మా అక్క మాట పూర్తిగా తప్పు కాదని ఒప్పుకోక తప్పలేదు. అయితే పిక్క ఉబ్బుకు కారణం అవి కావు. ఆ స్కాన్ లేకపోతే, నాకు తెలిసినంతలో, మళ్లీ గజ్జనే కోయించుకునేదాన్నేమో. లోపలి సిరల్లో గడ్డలేవీ లేవని కూడా అప్పుడే తేల్చారు.

మత్తు లేకుండా, సిర చుట్టూ తిమ్మిరి మందు కలిపిన నీటిని ఎక్కించి, స్కాన్ చూస్తూనే లేజర్‌తో ఆ సిరను మూసేశారు. మిగిలిన మెలికలకు తరువాత నురుగు మందు ఎక్కించారు. గంటలోపే నడిపించారు. ఆ సిరను ఆనుకునే ఒక స్పర్శనాడి వెళ్తుంది కనుక, పాదం బయటి అంచు తిమ్మిరెక్కవచ్చని ముందే హెచ్చరించారు. రెండు నెలలపాటు చిటికెనవేలి పక్కన చెప్పు తగిలినా తెలిసేది కాదు. మే ఎండల్లో బిగుతు మేజోడు తొడుక్కోవడం అంతకంటే పెద్ద శిక్ష.

ఆరు నెలలకు మళ్లీ అదే మెట్టు మీద నిలబెట్టారు. మోకాలి వెనుక ఏ రంగూ కనిపించలేదు. చీలమండ దగ్గరి గోధుమ మచ్చ మాత్రం పోలేదు. గజ్జలోని సన్నని సిరలను ముట్టుకోకుండా, ఏటా ఒకసారి చూస్తూ ఉందామన్నారు.