తల్లిగారింటి నీళ్ళు

మా నాయనమ్మ నవ్వినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆమె ముందుపళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలుండేవి. వేపపుల్లతోనూ, బొగ్గుతోనూ, తరువాతి కాలంలో పళ్ళపొడితోనూ ఎంత తోమినా అవి పోలేదు. ఆమె పుట్టి పెరిగింది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు, ఫ్లోరైడు నీళ్ళు తాగే ఊళ్ళో. పెళ్ళయి వచ్చిన మా ఊళ్ళో ఆ బెడద లేదు. ఇక్కడే పుట్టిన ఆమె ఆడబిడ్డల పళ్ళు తెల్లగా ఉండేవి. చిన్నప్పుడు నేను ఆ చారల గురించి అడిగితే, "ఇవి మా తల్లిగారింటి నీళ్ళు బిడ్డా, ఎట్ల పోతయి?" అన్నది.

చరిత్రకు ముందటి మనుషుల గురించి ఇటీవల వచ్చిన పరిశోధనలు చదువుతుంటే నాకు ఆ మాటే గుర్తుకొస్తూ ఉంటుంది. పంటిపైని ఎనామిల్ బాల్యంలో ఒక్కసారే తయారవుతుంది. ఆ తరువాత శరీరం దాన్ని మార్చదు, బాగుచేయదు. కనుకనే ఫ్లోరైడు మరక పడేది పళ్ళు రూపుకట్టే ఆ ఏడెనిమిదేళ్ళలోనే. ఫ్లోరైడు ఊరికి పెద్దయ్యాక కోడలిగా వచ్చిన మనిషికి నడుమూ కీళ్ళూ బిగుసుకుపోవచ్చు గానీ, ఆమె పళ్ళకు చారలు రావు, ఎందుకంటే ఎముక జీవితాంతం కరుగుతూ, కొత్తగా పేరుకుంటూ ఉంటుంది. పన్ను పుట్టినింటిదైతే, ఎముక మెట్టినింటిదన్నమాట.

పురావస్తు శాస్త్రవేత్తలు చదివేది ఫ్లోరైడును కాదు, రాళ్ళలోనూ మట్టిలోనూ కొద్దిగా ఉండే స్ట్రాన్షియం అనే మూలకాన్ని. రాళ్ళలో ఉండే రుబీడియం-87 అతి నెమ్మదిగా, సగం కావడానికే దాదాపు 5,000 కోట్ల ఏళ్ళు పట్టేంత నెమ్మదిగా, స్ట్రాన్షియం-87గా మారుతూ ఉంటుంది. అందువల్ల పాతకాలపు గ్రానైటు నేలల్లో స్ట్రాన్షియం-86తో పోలిస్తే స్ట్రాన్షియం-87 ఎక్కువగానూ, దక్కన్ లావా నుంచి పుట్టిన నల్లరేగడిలో తక్కువగానూ ఉంటుంది. ఆ నిష్పత్తి రాతి నుంచి మట్టికి, మట్టి నుంచి నీటికీ పంటకూ, అక్కడి నుంచి పాలు తాగే, బువ్వ తినే పిల్లల పళ్ళలోకి దాదాపు మారకుండా చేరి, కాల్షియం ఉండవలసిన చోట కూర్చుంటుంది. మొదటి దవడపన్ను పైభాగం మూడేళ్ళలోపు తయారవుతుంది. జ్ఞానదంతం పైభాగం ఎనిమిదో ఏటి తరువాత మొదలై పద్నాలుగో ఏటి దాకా రూపుకడుతుంది. నువ్వుగింజ పాటి ఎనామిల్ ముక్కను రెండింటి నుంచీ తీసి, ఆమ్లంలో కరిగించి కొలిస్తే, ఆ మనిషి పసితనంలో ఉన్న నేలా, ఈడు వచ్చేనాటికి ఉన్న నేలా ఒకటేనా కాదా అన్నది తెలుస్తుంది. ఆ రెండు పళ్ళూ ఒకే మాట చెప్పి, అది మాత్రం సమాధి ఉన్న నేలతో సరిపోకపోతే, ఆ మనిషి ఈడు వచ్చాకే ఆ చోటికి వచ్చినట్టు.

ఈ పద్ధతినీ, పురాతన డీఎన్ఏనూ కలిపి చదివిన పనుల్లో నా మనసులో నిలిచిపోయినది దక్షిణ జర్మనీలోని లెఖ్ నదీలోయది. ఆగ్స్‌బర్గ్ పట్టణానికి దక్షిణాన, ఆ నది వెంట, సుమారు 4,000 ఏళ్ళ కిందట కంచుయుగపు రైతులు వేరువేరు కమతాలుగా స్థిరపడ్డారు. ప్రతి కమతానికీ తనదైన చిన్న శ్మశానం ఉండేది. మ్యూనిక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ స్టాక్‌హామర్ బృందం 2017లో అక్కడి 84 మంది అవశేషాలను పరిశీలించి, స్త్రీలలో ఎక్కువమంది ఆ నేలలో పుట్టినవారు కారనీ, పురుషులు మాత్రం చాలావరకు అక్కడివారేననీ చూపింది. 2019 అక్టోబరులో అలీసా మిట్నిక్, యోహానెస్ క్రౌజ తదితరులతో కలిసి 104 మంది జన్యుపటాలను ప్రచురించాక, ఆ శ్మశానాలలో వంశవృక్షాలు తేలాయి. తండ్రి, కొడుకు, మనుమడు, మునిమనుమడు, ఇలా నాలుగైదు తరాలు ఒకే చోట పడుకుని ఉన్నారు. ఈడు వచ్చిన ఆడబిడ్డలు మాత్రం ఆ వృక్షాలలో కనిపించలేదు. కనిపించిన కూతుళ్ళు చిన్నతనంలోనే చనిపోయినవారు. మిగిలినవారు ఎక్కడికో అత్తవారింటికి వెళ్ళిపోయి ఉంటారు.

ఇక్కడే రెండు సాక్ష్యాలూ ఒకదానికొకటి ఎంత అవసరమో అర్థమవుతుంది. స్ట్రాన్షియం ఒక్కటే ఉంటే, పక్కలోయ నుంచో, అదే రకం మట్టి ఉన్న పొరుగూరి నుంచో వచ్చిన కోడలు స్థానికురాలిగానే లెక్కకు వస్తుంది. మా నాయనమ్మ విషయంలోనూ అంతే: మర్రిగూడ నేలా, మా ఊరి నేలా ఒకే పాత గ్రానైటు మీదివి కాబట్టి, స్ట్రాన్షియం ఆమెను మా ఊరి బిడ్డ అనే అనవచ్చు, ఫ్లోరైడు చారలే ఆమె వలసను పట్టిస్తాయి. అట్లాగే డీఎన్ఏ ఒక్కటే ఉంటే, ఎవరు ఎవరికి పుట్టారో తెలుస్తుంది గానీ, ఎవరు ఎక్కడ పెరిగారో తెలియదు. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా వంశాలు లెఖ్ లోయలో ఎన్నో రకాలుగా ఉండి, తండ్రి నుంచి కొడుక్కు వచ్చే వై క్రోమోజోము కొన్ని తరాల పాటు ఒకే దారిలో సాగిందన్నది జన్యుశాస్త్రం చెప్పిన సంగతి. ఆ తల్లులలో కొందరు వందల కిలోమీటర్ల దూరం నుంచి, బహుశా మధ్య జర్మనీ నుంచో బొహీమియా నుంచో, యుక్తవయసులోనో ఆ తరువాతో వచ్చారన్నది పళ్ళు చెప్పిన సంగతి.

ఆ దూరదేశపు స్త్రీల సమాధులను తలచుకుంటే నాకు మనసు అక్కడే ఆగిపోతుంది. వారిని విలువైన నగలతో, ఇంటి పెద్దకుటుంబానికి తగిన మర్యాదతో పాతిపెట్టారు. అయినా ఆ శ్మశానాలలో వారికి పుట్టిన పిల్లలు ఒక్కరూ దొరకలేదు. పిల్లలు పుట్టలేదని దీన్ని బట్టి తేల్చెయ్యడం తొందరపాటు అవుతుందని నా అభిప్రాయం. పుట్టిన పిల్లలను తల్లి తరఫు వారి దగ్గర పెంచడానికి పంపి ఉండవచ్చు; కూతుళ్ళే పుట్టి, వారూ పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయి ఉండవచ్చు; వారు వచ్చింది పెళ్ళి కోసమే కాకపోవచ్చు కూడా. సమాధి లేకపోవడం ఎప్పుడూ మనిషి లేకపోవడం కాదు. వందల కిలోమీటర్లు కాలినడకనో, బండి మీదనో వచ్చిన ఆ మనిషి ఏ భాషలో మాట్లాడిందో, ఎవరితో మాట్లాడిందో ఏ పన్నూ చెప్పదు.

ఆ శ్మశానాలలోనే మరో రకం మనుషులు కూడా ఉన్నారు. వారికి ఇంటివారితో ఏ రక్తసంబంధమూ లేదు, పుట్టుక మాత్రం ఆ చుట్టుపక్కలదే. కత్తులూ, గొడ్డళ్ళూ, నగలూ ఇంటివారి సమాధులలోనూ, దూరం నుంచి వచ్చిన స్త్రీల సమాధులలోనూ ఉండగా, వీరి పక్కన చెప్పుకోదగ్గ వస్తువేదీ లేదు. స్టాక్‌హామర్ దీన్ని బానిసలు కూడా భాగంగా ఉండిన ప్రాచీన గ్రీకుల, రోమనుల గృహవ్యవస్థతో పోల్చారు. వీరు బానిసలో, పనివారో జన్యువులు చెప్పలేవు. మా తాతల ఇంట్లో జీతగాడు ఇంటి గడప దగ్గరే తిని, పశువుల కొట్టంలో పడుకుని, ఇంటిమనిషి అనిపించుకుంటూనే ఇంటిమనిషి కాకుండా బతికిన రోజులు నేను విన్నవే. లెఖ్ లోయ ఇళ్ళలో ఈ ఎక్కువ తక్కువలు 700 ఏళ్ళ పాటు సాగాయని ఆ అధ్యయనం చెబుతుంది. రాజులూ కోటలూ లేనిచోట, ఒకే కప్పు కింద, అన్నేళ్ళు! అసమానత నగరాలతోనే మొదలైందని నమ్మినవారందరూ ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగవలసి ఉంటుంది.

అయితే ఆడపిల్ల వెళ్ళిపోవడమే అన్నిచోట్లా ఆనవాయితీ అనుకోవడానికి వీలులేదు. ఇంగ్లండులోని డోర్సెట్‌లో, రోమనులు రాకముందూ వచ్చిన కొత్తలోనూ బతికిన డ్యురోట్రిగీస్ తెగవారి జన్యువులను డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల బృందం చదివి 2025 జనవరిలో ప్రచురించింది. అక్కడి శ్మశానంలో ఎక్కువమంది ఒకే స్త్రీ వంశానికి చెందినవారు; బయటి నుంచి వచ్చినవారు ఎక్కువగా పురుషులు. మన మాటల్లో అది ఊరంతా ఇల్లరికమే. టర్కీలో 9,000 ఏళ్ళ నాటి చాతల్‌హుయుక్ అనే ఊళ్ళోనూ ఇళ్ళ నేల కింద పాతిన మనుషుల మధ్య బంధాలు తల్లుల మీదుగానే సాగాయని అదే ఏడాది తేలింది.

మన దేశంలో ఈ పని సులువు కాదు. ఎండా, తేమా డీఎన్ఏను ముక్కలు ముక్కలు చేస్తాయి. హర్యానాలోని సింధు నాగరికత నగరం రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు పరీక్షిస్తే, చదవడానికి తగినంత డీఎన్ఏ దొరికింది ఒక్క స్త్రీ అవశేషాలలోనే; ఆ ఫలితం 2019 సెప్టెంబరులో వెలువడింది. ఆ ఒక్క జన్యుపటం మీద ఎన్ని వాదాలు నడిచాయో అందరికీ తెలుసు. దానితో పోలిస్తే ఎనామిల్ మొండిది. హరప్పా, ఫర్మానా సమాధులలోని పళ్ళలో సీసం, స్ట్రాన్షియం ఐసోటోపులు (ఒకే మూలకానికి బరువులో తేడా ఉన్న రూపాలు) కొలిచి 2015లో ప్రచురించిన అధ్యయనం, అక్కడ పాతిపెట్టినవారిలో పలువురు చిన్నతనంలోనే వేరేచోటి నుంచి నగరానికి చేరినవారని చూపింది. మొదటి దవడపన్నుకూ, మూడో దవడపన్నుకూ మధ్యనున్న తేడాయే అక్కడా సాక్ష్యం. అందుకే మన తెలంగాణలో రాక్షస గుళ్ళని పిలిచే పాత సమాధులను తవ్వినప్పుడు, కుండలకూ ఇనుప పనిముట్లకూ ఇచ్చే శ్రద్ధ జల్లెడలో మిగిలే ఒక్కొక్క పంటికీ ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఎముక పొడిపొడి అయిపోయిన చోట కూడా పంటి మీది ఎనామిల్ మిగిలి ఉండే అవకాశం ఉంటుంది.

మా నాయనమ్మను మా చెలకలోనే, తాత పక్కన మట్టి చేశాము. తాతది అదే ఊరు, అదే బావి నీళ్ళు. ఆయన పళ్ళకు ఏ చారలూ లేవు. ఆమె పైదవడలో చివరిదాకా నిలిచిన రెండు ముందుపళ్ళ మీద మర్రిగూడ చారలు అట్లాగే ఉన్నాయి.