విండోస్ లాప్‌టాప్‌లో గ్రెప్, సార్ట్, ఆక్: ఏది వేసుకోవాలి, ఎక్కడ ఇరుక్కుంటారు

విండోస్‌లో యూనిక్స్ కమాండ్లు కావాలనుకునే వాళ్ళందరికీ లినక్స్ అక్కర్లేదు, ఈ మాట ముందే చెప్పేస్తున్నా. ఎవర్ని అడిగినా "డబ్ల్యూఎస్ఎల్ వేసెయ్" అంటారు (విండోస్ లోపలే లినక్స్ నడిపించే ఏర్పాటు అది), వేశాక ఎనిమిది జీబీ ర్యామ్ లాప్‌టాప్ మూలుగుతుంటే అప్పుడు తల పట్టుకుంటారు. మీ పనేంటో ముందు చూసుకోండి. నాది చాలా చిన్న పని, మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు నా నెత్తిన పడ్డాయి, నెలనెలా బ్యాంకు నుంచి కామాలతో విడగొట్టిన సీఎస్‌వీ ఫైల్ దించుకుని ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో చూడాలి, దాంతోపాటు నేను పోగేసుకున్న తెలుగు పదాల లిస్టులు కొన్ని ఉన్నాయి, వాటిలో డూప్లికేట్లు ఏరాలి. ఈ రెండింటికీ గ్రెప్ (మాట ఉన్న లైన్లు వెతికేది), సార్ట్ (వరసలో పెట్టేది), యూనిక్ (పక్కపక్కనున్న డూప్లికేట్లు తీసేది), కట్ (కాలమ్ విడగొట్టేది), ఆక్ (కాలమ్‌ల మీద లెక్కలు చేసేది) ఉంటే చాలు. ఎక్సెల్‌లో అవదా అంటే అవుతుంది, కానీ ప్రతి నెలా అవే క్లిక్కులు మళ్ళీ కొట్టే ఓపిక నాకు లేదు, ఒక్క లైన్ రాసి దాచుకుంటే వచ్చే నెల ఫైల్ పేరు మార్చి ఎంటర్ కొట్టడమే.

విండోస్ మీద ఈ కమాండ్లు నడపడం నిన్నా మొన్నా మొదలైంది కాదు. 1995లోనే సిగ్నస్ అనే కంపెనీలో ఈ కమాండ్లని విండోస్‌కి తెచ్చే సిగ్విన్ మొదలుపెట్టారు, అది ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ పని చేస్తుంది. 2016లో మైక్రోసాఫ్టే డబ్ల్యూఎస్ఎల్ తెచ్చింది, అందులో లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) లేదు, లినక్స్ ప్రోగ్రామ్ అడిగిన ప్రతిదాన్నీ విండోస్‌కి అర్థమయ్యేలా మార్చి ఇచ్చేది. 2020లో వచ్చిన రెండో వెర్షన్‌లో నిజం కెర్నల్‌నే ఒక చిన్న వర్చువల్ మెషీన్‌లో పెట్టి నడిపిస్తున్నారు. ఇంకోటి, చాలామంది గమనించరు గానీ 2018 నుంచి విండోస్ 10లోనే కర్ల్ (నెట్ నుంచి దించేది), టార్ (ఫైళ్ళు మూట కట్టేది) వచ్చేశాయి, ఏమీ వేయక్కర్లేదు. కాకపోతే విండోస్ సొంత కమాండ్ విండో అయిన పాత పవర్‌షెల్‌లో కర్ల్ అని కొడితే అసలు కర్ల్ రాదు, అదే పేరు పెట్టుకున్న వేరే కమాండ్ నడుస్తుంది, చివర డాట్ ఈఎక్స్ఈ తగిలిస్తేనే అసలుది.

నా సలహా అయితే ముందు గిట్ ఫర్ విండోస్ వేసుకోండి. గిట్ అంటే కోడ్ మార్పులు దాచిపెట్టే ప్రోగ్రామ్, అది వాడకపోయినా సరే. దాంతోపాటే గిట్ బ్యాష్ అనే కమాండ్ విండో వస్తుంది, అందులో పైన చెప్పినవన్నీ ఉంటాయి, సెడ్ (మాటలు మార్చేది) కూడా. ఇన్‌స్టాలర్ బోలెడు ప్రశ్నలు అడుగుతుంది, అన్నిటికీ నెక్స్ట్ నెక్స్ట్ కొట్టొచ్చు గానీ రెండు చోట్ల ఆగాలి.

మొదటిది పాత్ గురించి, అంటే కమాండ్ కొడితే విండోస్ ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే లిస్టు. మూడు ఆప్షన్లు చూపిస్తుంది, ఆఖరిది యూనిక్స్ టూల్స్ అన్నీ కమాండ్ ప్రాంప్ట్‌లో కూడా పెట్టేది, దాని కింద ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక ఉంటుంది. ఎందుకంటే ఫైండ్, సార్ట్ అనే పేర్లతో విండోస్‌కి సొంత ప్రోగ్రాములు ముందే ఉన్నాయి, విండోస్ ఫైండ్ ఫైల్ లోపల మాట వెతుకుతుంది, యూనిక్స్ ఫైండ్ ఫైల్‌నే వెతుకుతుంది, పేరొక్కటే గానీ పని వేరు. పాత్‌లో ఎవరి ఫోల్డర్ ముందుంటే వాళ్ళ ప్రోగ్రామే నడుస్తుంది, దాంతో ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన బ్యాచ్ ఫైల్ (విండోస్ కమాండ్లు వరసగా రాసిన ఫైల్) ఉన్నట్టుండి పిచ్చి ఎర్రర్లు ఇస్తుంది, కారణం ఛస్తే దొరకదు. మధ్య ఆప్షన్ పెట్టుకుని ఈ కమాండ్ల పనంతా బ్యాష్ విండోలోనే చేసుకోండి. ఏది నడుస్తోందో అనుమానం వస్తే కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ అని కొట్టి పక్కన పేరు ఇస్తే ఎక్కడెక్కడున్నాయో వరసగా చూపిస్తుంది, పైనున్నదే గెలిచినట్టు.

రెండోది లైన్ ఎండింగులు. విండోస్‌లో లైన్ చివర రెండు గుర్తులుంటాయి, యూనిక్స్‌లో ఒకటే. ఆ ఎక్స్‌ట్రా గుర్తు కంటికి కనపడదు, కానీ షెల్ స్క్రిప్టులో (బ్యాష్ కమాండ్లు రాసిన ఫైల్) ఉంటే బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అని తిడుతుంది. గిట్ తనంతట తాను మార్చేయకుండా ఉన్నదున్నట్టు ఉంచే ఆప్షన్ పెట్టుకుంటే ప్రశాంతంగా ఉంటుంది.

డబ్ల్యూఎస్ఎల్ ఎప్పుడు మరి? పైథాన్ ప్రాజెక్టులు, డాకర్ (ప్రోగ్రాముల్ని డబ్బాల్లో పెట్టి నడిపేది), సర్వర్‌లో నడిచేదే ఇంట్లో కూడా నడవాలి అనుకుంటే అప్పుడు. వేయడం తేలికే, పవర్‌షెల్‌ని అడ్మిన్‌గా తెరిచి డబ్ల్యూఎస్ఎల్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, రెండు డ్యాష్‌లతో ఇన్‌స్టాల్ అని కొడితే ఉబుంటు అనే లినక్స్ దిగిపోతుంది, ఒకసారి రీస్టార్ట్. ఎర్రర్ వస్తే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడండి, లేకపోతే కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగులు, అంటే బయోస్‌లో ఆన్ చేయాలి. మొదటిసారి ఉబుంటు అడిగే పాస్‌వర్డ్ టైప్ చేసేటప్పుడు స్క్రీన్ మీద చుక్క కూడా పడదు, కీబోర్డ్ పోయిందని కంగారు పడొద్దు, అదంతే. ఫైళ్ళు మాత్రం లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకోండి, సీ డ్రైవ్‌లో ఉంచి అక్కడి నుంచి నడిపిస్తే నత్తనడకే. ర్యామ్ కూడా మామూలుగా సగం దాకా తీసుకోగలదు, తగ్గించాలంటే మీ యూజర్ ఫోల్డర్‌లో డాట్ డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్ అనే ఫైల్ పెట్టి మెమరీ ఎంతో రాయాలి.

ఇక బ్యాంకు ఫైల్ సంగతి. కట్‌తో కామా దగ్గర విడగొట్టి నాలుగో కాలమ్ ఇవ్వు అంటే ఇస్తుంది, ఫ్లాటుకి రెండున్నర వేలు కట్టినవాళ్ళ దగ్గర బానే ఉంటుంది, లిఫ్ట్ రిపేరుకి ఇచ్చిన "1,20,000.00" దగ్గరికి రాగానే మూడు ముక్కలైపోతుంది, మన లక్షల కామాలు కట్‌కి ఏం తెలుసు పాపం. ఆక్‌లో ఒక రకమైన కొత్త గాక్‌లో అయితే డ్యాష్ డ్యాష్ సీఎస్‌వీ అనే ఆప్షన్ ఉంది, కోట్స్ లోపలి కామాల జోలికి పోదు, 2023లో వచ్చిన 5.3 నుంచి. పాతదైతే ముందు సెడ్‌తో శుభ్రం చేసుకోవాలి. ఇంకోటి, లైన్ చివర 2500 ఉన్నవి చూపించు అని గ్రెప్‌కి డాలర్ గుర్తు పెట్టి చెప్తే, ఉబుంటులో ఒక్కటీ రాదు, ఎదురుగా కనిపిస్తూనే ఉంటాయి! పైన చెప్పిన ఆ కనపడని గుర్తే, 2500కీ లైన్ చివరకీ మధ్యలో కూర్చుని ఉంటుంది. డాస్‌టుయూనిక్స్ అనే చిన్న కమాండ్ ఒకసారి నడిపితే పోతుంది.

తెలుగు ఫైళ్ళ దగ్గర అసలు సరదా. ఎకోతో తెలుగు అనే మాట లెక్కపెట్టే డబ్ల్యూసీకి పంపించి మైనస్ సి (బైట్లు) అంటే 19 అంటుంది, మైనస్ ఎమ్ (అక్షర గుర్తులు) అంటే 7. కంటికి కనిపించేవి మూడే. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు, ఒక్కోటి యూటీఎఫ్-8 అనే పద్ధతిలో మూడు బైట్లు, చివర ఎకో పెట్టే కొత్త లైను ఒకటి. సార్ట్ దగ్గరా ఇంతే, బైట్ల వరసలో పెట్టమంటే యూనికోడ్‌లో ల పక్కనే ళ ఉంది కాబట్టి కళ ముందొచ్చి కవి తర్వాతొస్తుంది, బళ్ళో నేర్చుకున్న వర్ణమాల ప్రకారం అయితే తిరగబడాలి. నాకు దీంతో ఇబ్బంది లేదు, యూనిక్‌కి కావల్సింది ఒకేలాంటివి పక్కపక్కన ఉండటమే.

కానీ యూనిక్ కొట్టాక కూడా "ఆఫీస్‌లో" అని రెండు సార్లు వస్తుంటే? అచ్చం ఒకేలా ఉంటాయి. స కింద ల ఒత్తు పడకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య గుర్తు పెడతాం కదా, కొన్ని కీబోర్డులు ఒకటే పెడతాయి, ఒక్కోసారి పొరపాటున రెండు పడతాయి, యూనిక్‌కి అవి వేరు వేరు మాటలు. ఫైల్‌లోని బైట్లు చూపించే ఎక్స్ఎక్స్‌డీతో చూస్తే ఒకదానిలో ఆ మూడు బైట్లు ఒకసారి, ఇంకోదానిలో రెండుసార్లు కనిపిస్తాయి. సెడ్‌తో రెండు కలిసి ఉన్న చోట ఒకటి చేసి తర్వాత సార్ట్, యూనిక్. మొత్తానికే పీకేయకండి, ఒత్తులన్నీ వచ్చేసి ఆఫీస్లో అవుతుంది. టెర్మినల్‌లో ఒత్తులు చెదిరి కనిపిస్తే మాత్రం పట్టించుకోకండి, అది చూపించడంలో తేడా, ఫైల్ బానే ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసుకోండి.

ఉబుంటు నుంచి రిజల్ట్ నేరుగా విండోస్ క్లిప్‌బోర్డ్‌కి పంపడానికి క్లిప్ డాట్ ఈఎక్స్ఈ ఉంది, ఇంగ్లీషుకి చక్కగా పని చేస్తుంది, తెలుగు పంపిస్తే చెత్త చెత్తగా పేస్ట్ అవుతుంది. మధ్యలో ఎన్‌కోడింగ్ మార్చే ఐకాన్వ్ పెట్టి యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-16 ఎల్ఈ లోకి మార్చి పంపండి, వాట్సాప్ గ్రూపులో బకాయిల లిస్టు శుభ్రంగా పడుతుంది. బకాయిలు వసూలవుతాయా అంటే దానికి కమాండ్ లేదు.