పిల్లర్ డ్రిల్ మీద బేస్ ప్లేటుకి హోల్స్ వేశా – నా అనుభవం

జీడిమెట్లలో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో చేస్తాను. ఇన్నాళ్లూ హ్యాండ్ డ్రిల్లే. మొన్న ఒక మోటార్ స్టాండ్ ఆర్డర్ వచ్చింది, 10 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటుకి నాలుగు మూలలా 12 ఎంఎం హోల్స్, దాంతో మా ఫిట్టర్ అన్న నన్ను పిల్లర్ డ్రిల్ (నిలువు స్తంభానికి బిగించి ఉండే డ్రిల్ మిషన్) ముందు నిలబెట్టాడు.

"ముందు గ్లౌజులు తీసెయ్ తమ్ముడూ" అన్నాడు. ప్లేటు అంచులు పదునుగా ఉన్నాయి కదన్నా అంటే, ప్లేటు మోసేటప్పుడు వేస్కో, బిట్ తిరిగేటప్పుడు మాత్రం వద్దు అన్నాడు. 12 బిట్‌కి ఎంఎస్ మీద 660 ఆర్‌పీఎం దాకా పెడతాం, అంటే సెకనుకి 11 చుట్లు, గ్లౌజు దారం ఒక్కటి చిక్కుకుందంటే చెయ్యి వెనక్కి లాక్కునే టైమ్ ఎక్కడుంటుంది? ఫుల్ చేతుల చొక్కా, మెళ్లో టవల్, చేతికి కడియం, అన్నీ ఇదే లెక్క. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి ముందు 5 బిట్‌తో పైలట్ హోల్ (దారి చూపే చిన్న హోల్) వేశా, దానికి స్పీడ్ 1600 దగ్గర, తర్వాత 12కి స్పీడ్ తగ్గించాలి కాబట్టి ప్లగ్ పీకేసి బెల్టుని వేరే పుల్లీ మెట్టు మీదికి మార్చా. చక్ (బిట్‌ని పట్టుకునే భాగం) టైట్ చేశాక దాని కీ అందులోనే ఉండిపోతే స్విచ్ వేయగానే బుల్లెట్టులా ఎగురుతుంది, అందుకే చెయ్యి వదిలేలోపే కీ బయటికి రావాలి.

అసలు డేంజర్ ఎక్కడంటే బిట్ కిందవైపు బయటపడే క్షణంలో. అప్పటిదాకా మెత్తగా కోసుకుపోయిన బిట్ చివర్లో గబుక్కున పట్టేసి జాబ్‌ని (హోల్ వేస్తున్న ముక్కని) పైకి లేపి తనతో పాటు తిప్పేస్తుంది, చేత్తో పట్టుకున్న ప్లేటైతే వేళ్లు పోతాయి. అందుకే వైస్‌ని (జాబ్‌ని బిగించి పట్టే దవడల పనిముట్టుని) మిషన్ టేబుల్‌కి బోల్టులతో బిగించి, ప్లేటు కింద చెక్క పెట్టి, చివరి రెండు ఎంఎంలు హ్యాండిల్ మీద బరువు బాగా తగ్గించేశా. పొడుగు జాబ్ వైస్‌లో పట్టకపోతే క్లాంపులు వేసి, దాని ఎడమ చివర కాలమ్‌కి (మిషన్ నిలువు స్తంభానికి) ఆనేలా పెట్టాలట, క్లాంపు జారి జాబ్ తిరిగినా కాలమ్‌కి తగిలి ఆగిపోతుంది, మన కడుపు మీదికి రాదు. ఇది నాకు భలే నచ్చింది. అప్పటికీ ఏదైనా తిరగడం మొదలెడితే పట్టుకోబోకుండా స్టాప్ బటన్ కొట్టడమే.

కటింగ్ ఆయిల్ వేస్తూ మధ్యమధ్యలో హ్యాండిల్ కాస్త ఎత్తితే రింగులు రింగులుగా వచ్చే చిప్స్ తెగిపోతాయి. మిషన్ ఆగాక వాటిని బ్రష్‌తో తోసేశా, చేత్తో కాదు, నోటితో ఊదడం అసలే వద్దు.

నాలుగు హోల్స్‌కీ పెద్ద బిట్‌తో బర్ (హోల్ అంచున మిగిలే పదును) తీసేసి బోల్టులు వేసి చూశాం, ఎం10 (10 ఎంఎం బోల్టు) సుఖంగా దిగింది. మిగతా ప్లేట్లు కూడా నువ్వే కానిచ్చెయ్ అని అన్న వెల్డింగ్ దగ్గరికి వెళ్లాడు.