మా ర్యాంపు మీద పాచి: మే నుంచి సెప్టెంబర్ దాకా

మే చివరి వారం
గేటు నుంచి కారు షెడ్డు దాకా సిమెంటు ర్యాంపు. ఏటా వానలు దిగాక పాచి పట్టి, అమ్మ గోడ పట్టుకుని దిగుతుంది. ఈసారి ఎండల్లోనూ ఒక పక్క పచ్చగానే ఉంది. కారణం ఏసీ నీళ్లు. రాత్రంతా అక్కడే కారుతున్నాయి, పైన మామిడి కొమ్మ నీడ. నీళ్లను పైపుతో కుండీల్లోకి మళ్లించి, కొమ్మ కొట్టించాను. నాలుగు ఎండలకే పాచి నల్లబడి, చీపురుతో ఊడిస్తే పెచ్చులుగా లేచిపోయింది. మందు కన్నా ముందు తడి ఆపాలని నాకు గట్టిగా అనిపించింది ఇక్కడే.

జూన్
మిగతా భాగానికి బ్లీచింగ్ పౌడర్. పది లీటర్ల బకెట్‌కి వంద గ్రాములు కలిపి, అడుగున సున్నం తేరుకున్నాక పైతేట మాత్రమే పోశాను. పొద్దువాలాక పోయడం మేలు, ఎండకి క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది. ఇరవై నిమిషాలు ఆగి గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్ది కడిగాను. ఇనుప బ్రష్ వద్దు, సిమెంటు గీరుకుపోయి ఆ గరుకులోనే పాచి మళ్లీ పడుతుంది. బ్లీచింగ్‌తో బాత్రూం యాసిడ్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

మిన్నెసోటాలో ఉన్న అన్నయ్య ఉప్పు చల్లి చూడమన్నాడు. వాళ్ల డ్రైవ్‌వే మీద మంచుకి అదే వాడతారు. ఉప్పు కలిస్తే నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, అందుకే మంచు కరుగుతుంది. చలి మరీ ముదిరితే కాల్షియం క్లోరైడ్ చల్లుతారట. విశాఖలో ఉప్పుగాలికే స్లాబుల్లో ఊచలు తుప్పు పడుతున్నాయి, ర్యాంపు మీద మనమే ఉప్పు పోయడం నాకు ఇష్టం లేదు. బ్లీచింగ్‌లోనూ క్లోరిన్ ఉంది కాబట్టి రెండుసార్లు కడుగుతున్నాను, గేటు మీద చింది పడకుండా గోనె కప్పుతున్నాను.

జూలై, ఆగస్టు
పాచి తగ్గింది, బురద మొదలైంది. మాది మాధవధార, కొండ పక్కనే. పెద్దవాన పడితే ఎర్రమట్టి నీళ్లు ర్యాంపు మీదుగా దిగి, సన్నటి పొర మిగులుతుంది. దాని మీదే కొత్త పాచి. వాన వెలిసిన వెంటనే, మట్టి తడిగా ఉండగానే వైపర్‌తో లాగేస్తున్నాను.

సెప్టెంబర్
మేస్త్రి గారిని పిలిచి ర్యాంపు పైన అడ్డంగా చిన్న కాలువ తీయించి, ఇనుప జల్లెడ వేయించాను. జారకుండా గాట్లు కూడా కోయించాను. తిన్నగా అడ్డంగా కోస్తే గాట్లలో నీరు నిలుస్తుందని, పక్క కాలువ వైపు ఏటవాలుగా కోశారు. మొన్నటి వానకి నీరు బాగానే పక్కకి పోయింది. అమ్మ గోడ పట్టుకోకుండానే దిగింది.

అక్టోబర్ తుపాను వానలకి ముందు జల్లెడ కింద పూడిన మట్టి తీయాలి, గేటు అడుగున తుప్పు గీకి రెడాక్సైడ్ వేయాలి.