మాకు మూడు మోతలు

ఈ రోజు సెలవు. మధ్యాహ్నం కాలింగ్ బెల్ రెండుసార్లు మోగింది. మాస్కోలో నేనుంటున్న ఇంటి ఓనరు తలుపుకి దగ్గర్లోనే కూర్చుని ఉంది, కదల్లేదు. నేనే వెళ్లి పార్సిల్ తీసుకున్నాను. "వినపడలేదా మామ్మా?" అన్నాను. మామ్మ అనే మాట నా దగ్గరే నేర్చుకుంది. "రెండు మోతలు పక్కవాళ్లకి, మాకు మూడు" అని, తనే ఉలిక్కిపడినట్టు ఆగిపోయింది.

పదకొండేళ్లు వచ్చేదాకా మామ్మ ఉన్నది ఇదే మాస్కోలో, ఒక కొమ్మునాల్కాలో, అంటే చాలా కుటుంబాలు పంచుకునే ఉమ్మడి ఇంట్లో. విప్లవానికి ముందు ఒకే డబ్బున్న కుటుంబం ఉన్న ఇంట్లో, గదికొక కుటుంబం చొప్పున ఏడు కుటుంబాలు. ఒకటే వంటిల్లు, ఒకటే మరుగుదొడ్డి. వంటింట్లో ఎవరి బల్ల వాళ్లదే, ఎవరి బల్బు వాళ్లదే, దాని స్విచ్ మాత్రం వాళ్ల గదిలో. అమ్మ, నాన్న, నాయనమ్మ, తను ఒకే గదిలో. మధ్యలో పరదా. అమ్మానాన్నలు గట్టిగా మాట్లాడుకోవడం తనెప్పుడూ వినలేదట.

నాకు బెజవాడలో మేమున్న వాటాల ఇల్లు గుర్తొచ్చింది. నాలుగు వాటాలకి ఒకటే పంపు, పొద్దున్నే బిందెల లైను. కానీ సరిపడకపోతే ఖాళీ చేసి వెళ్లిపోయేవాళ్లం. వీళ్లకి గది ఇచ్చేది ప్రభుత్వం, ఆ చిరునామా దేశంలోపల గుర్తింపుకి వాడే పాస్‌పోర్టులో ముద్ర పడేది. అద్దె నామమాత్రమే, కానీ గోడ అవతలివాళ్లు ఎవరో మనం ఎంచుకునేది కాదు. స్టాలిన్ రోజుల్లో, అవతల ఎవరు విని పోలీసులకి చెప్తారోనని, ఆ గోడంటే ఎంత భయంగా ఉండేదో ఊహించుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

1957లో, స్టాలిన్ తర్వాత వచ్చిన హ్రుష్చోవ్ ప్రభుత్వం ఇళ్ల కొరత తీరుస్తామని తీర్మానం చేసింది. ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు పలకలతో, లిఫ్టు లేని అయిదంతస్తుల ఇళ్లు వరసగా లేచాయి. 1961లో వీళ్లకి వచ్చింది ఈ ఫ్లాటే. వంటిల్లు ఎంతంటే, మేమిద్దరం నిలబడితే మోచేతులు తగులుతాయి. ఇలాంటి ఇళ్లని జనం మురికివాడలతో పోల్చి వెక్కిరిస్తారు. నేనూ నవ్వేదాన్ని, ఇక నవ్వలేను.

"వచ్చిన రాత్రి అమ్మ వంటింటి తలుపేసుకుని గొంతెత్తి పాడింది. అమ్మకి పాటలొచ్చని అప్పుడే తెలిసింది" అంది మామ్మ.

2017లో మొదలైన పథకం కింద మా బిల్డింగ్ కూడా కూల్చేస్తారట. కొత్త ఫ్లాట్ ఇస్తారు, లిఫ్టు ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో నాలుగంతస్తులెక్కే మనిషికి అది కావాల్సిందే. అయినా మామ్మ అడిగింది ఒక్కటే: అక్కడ కిటికీ కింద అలమార ఉంటుందా అని. ఇక్కడ ఆ చోట గోడ పల్చన, బయటి చలి లోపలికొస్తుంది, ఫ్రిజ్ లేని రోజుల్లో అదే ఫ్రిజ్. రాత్రి తన క్యాబేజీ జాడీ పక్కకి జరిపి, నా పెరుగు గిన్నె అందులోనే పెట్టింది.