టూరింగ్ సైకిలు టైరు: వెడల్పు సరే, మెత్తదనం సంగతేంటి?

టూరింగ్ సైకిలుకి, అంటే సామానుతో దూరాలు తిరిగే సైకిలుకి, టైరు మార్చాలనుకున్నవాళ్లు ముందు అడిగేది "ఎన్ని మిల్లీమీటర్లది వేయించమంటారు?" అని. అది తేలిగ్గానే తేలుతుంది. విశాఖ బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లొచ్చేవాళ్లకి 35–38 మి.మీ. చాలు. సంచులు తగిలించుకుని శృంగవరపుకోట మీదుగా అరకు ఘాటీ ఎక్కేవాళ్లకి 42 నుంచి 47. అసలు చూడాల్సింది కేసింగ్, అంటే రబ్బరు లోపల ఉండే దారాల అల్లిక.

చక్రం తిరుగుతున్నంతసేపూ నేలకి తగిలిన చోటల్లా టైరు వంగి మళ్లీ నిలబడుతుంది. దారం సన్నగా, పక్కగోడ పలచగా ఉంటే ఆ వంగడంలో పోయే శక్తి తక్కువ. గతుకు కూడా టైరు దగ్గరే ఆగిపోతుంది, మణికట్టు దాకా రాదు. మందపాటి కేసింగున్న 47 కంటే పలచటి 38 చాలాసార్లు హాయిగా నడుస్తుంది.

షాపులో టైరు చేతిలోకి తీసుకుని పక్కగోడని బొటనవేలితో నొక్కండి. గుడ్డలా మడతపడితే మంచిదే. అట్టలా ఎదురు తిరిగితే వద్దు. 60, 120 అని రాసే టీపీఐ (అంగుళానికి ఎన్ని దారాలో చెప్పే) అంకె ఒక్కటే చూసి నమ్మకండి, కొన్ని కంపెనీలు పొరలన్నీ కూడి రాస్తాయి. బరువు అంతకంటే నిజం చెబుతుంది. 42 మి.మీ.ది 400–500 గ్రాములుంటే మెత్తటి రకం. పంక్చరు కాకుండా 5 మి.మీ. రబ్బరు పొర పెట్టిన జర్మన్ కంపెనీ శ్వాల్బే వారి మారథాన్ ప్లస్ టైరు అదే సైజులో కిలో దగ్గరకొస్తుంది. ఒంటరిగా ఒడిశా లోపలికి నెల రోజులు తిరిగేవాళ్లు అది వేస్తే తప్పనను. కానీ వేసుకుని సుఖం మాత్రం అడక్కూడదు.

సైజులో ఒక తిరకాసుంది. పంక్చరు షాపుల్లో దొరికే 28 ఇంటూ 1½ టైరు పాత పాలసైకిళ్లది, దాని రిమ్ము కొలత 635 మి.మీ. టూరింగ్ సైకిళ్లకి ఎక్కువగా ఉండేది 622, అంటే 700సి. రెండిటినీ "ఇరవై ఎనిమిదే" అంటారు గానీ ఒకదానిది ఇంకోదానికి పట్టదు. టైరు పక్కన 42-622 లాంటి జంట అంకెలుంటాయి (మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము కొలత), అవే చూసుకోండి.

ఫ్రేములో రెండువైపులా కనీసం 5 మి.మీ. ఖాళీ ఉండాలి, మడ్‌గార్డు ఉంటే పైన 10. కొత్త టైరు గాలి పట్టిన ఒకటి రెండు రోజుల్లో కొంచెం సాగుతుంది కాబట్టి అప్పుడు మళ్లీ కొలవండి. రిమ్ము లోపలి వెడల్పు 42కి 19–25 మి.మీ. ఉంటే బాగుంటుంది. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరుకి గాలి తగ్గిస్తే మలుపులో పక్కకి ఊగినట్టుంటుంది.

ఇక గాలి. మంచి టైరు కొని దాన్ని పాడుచేసేది ఇక్కడే. పక్కన రాసిన గరిష్ఠ అంకె దాకా కొట్టేస్తారు. అది దాటకూడని హద్దు, కొట్టాల్సిన లెక్క కాదు. ల్యాబులో తిరిగే నున్నటి డ్రమ్ము మీద పరీక్షిస్తే గట్టి టైరుదే గెలుపు. రోడ్డు మీద మాత్రం ఆ గట్టిదనం సైకిల్నీ మనిషినీ అదరగొడుతుంది, తొక్కిన బలం కొంత ఆ అదురులోనే పోతుంది. మనిషి, సైకిలు, సామాను కలిసి 95 కిలోలైతే 42 మి.మీ. టైరుకి వెనక 42–45 పీఎస్ఐ (గేజీ చూపించే గాలి ఒత్తిడి), ముందు 35తో మొదలుపెట్టండి. తర్వాత అమెరికన్ సైకిల్ రచయిత ఫ్రాంక్ బెర్టో చెప్పిన 15 శాతం లెక్క చూడండి: ఎక్కి కూర్చుంటే టైరు ఎత్తు దాదాపు ఆరో వంతు, అంటే 42కి 6 మి.మీ., తగ్గాలి. నేల నుంచి రిమ్ము దాకా స్కేలుతో రెండుసార్లు కొలిస్తే సరిపోతుంది, పక్కన ఒక మనిషి కావాలి. ఆ తర్వాత రెండేసి పీఎస్ఐ తగ్గిస్తూ పోండి. గోతిలో పడినప్పుడు రిమ్ము నేలకి తగిలినట్టనిపిస్తే 3 పెంచి అక్కడ ఆగండి. ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు పడ్డాయంటే గాలి చాలలేదని అర్థం. ఎప్పుడూ ఒకే గేజీ వాడండి. ఎండలో నిలబెట్టిన సైకిలుకి 3–4 పీఎస్ఐ దానంతటదే పెరుగుతుంది, పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

టైరు మీద చెక్కినట్టుండే గళ్ల విషయం ఎక్కువ ఆలోచించక్కర్లేదు. తడి తారు మీద నున్న టైరు జారిపోతుందన్నది అపోహ. సైకిలు టైరు నేలకి తగిలే జాగా చిన్నది, దాని వేగానికి నీటి మీద తేలదు. ఎర్రమట్టి బురదలో మాత్రం ఏ గళ్లయినా పూడిపోవాల్సిందే.

మన దగ్గర మెత్తటి టైరుకి శత్రువులు మూడు: ఇసక దారుల్లో పల్లేరు కాయలు, గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్లు, హైవే అంచున లారీ టైర్లు పేలి రాలిన ఉక్కు తీగలు. తీగ వెంటనే గాలి తీయదు, మెల్లగా తొలుచుకుంటూ పోతుంది. సాయంత్రం చక్రం తిప్పుతూ చిన్న పట్టకారుతో లాగేయండి. పంక్చరు అయ్యాక టైరు లోపల గుడ్డ పెట్టి తుడవకుండా కొత్త ట్యూబు ఎక్కిస్తే అదే చోట మళ్లీ పోతుంది. ట్యూబు లేని ట్యూబ్‌లెస్ టైరు అయితే ఈ వేడికి సీలెంటు (చిల్లులు మూసే ద్రవం) త్వరగా ఎండుతుంది, రెండు నెలలకోసారి వాల్వు విప్పి చూడాలి. కాటన్ కేసింగ్ ఉప్పుగాలికి, చెమ్మకి కుళ్లుతుంది. సముద్రం పక్కన నైలానే మేలు.

పక్కగోడ రాయికి కోసుకుంటే లోపలి నుంచి ఖాళీ టూత్‌పేస్టు ట్యూబు ముక్క రెండంగుళాలది అడ్డం పెట్టి, గాలి 10 పీఎస్ఐ తగ్గించి, ఊరు చేరేదాకా సీటు మీంచి లేవకుండా మెల్లగా తొక్కండి.