కంపెనీ తరలిపోతే మెస్సు సంగతేంటి?

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డులో సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం దాకా 17 కిలోమీటర్లూ టెక్ పార్కులే. కందుకూరు నుంచి వచ్చి మారతహళ్లి దగ్గర మెస్సు పెట్టుకున్న నాకు ఏ పార్కులోంచి భోజనానికి ఎంతమంది నడిచి వస్తారన్నదే బతుకుతెరువు.

విదేశీ కంపెనీలు ఈ ఊరికి కొత్త కాదు, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే వచ్చింది. కానీ 2005 సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) చట్టంతో ఏ కంపెనీ ఏ పార్కులో కూర్చోవాలన్నది పన్ను లెక్క కూడా అయింది. సెజ్‌లో ఉంటే ఎగుమతి లాభంపై మొదటి 5 ఏళ్లు పన్ను లేదు, తర్వాతి 5 ఏళ్లు సగానికే పన్ను. 2020 తర్వాత మొదలైన యూనిట్లకు ఆ మినహాయింపు లేదు. ఇక అద్దె, మెట్రో చూసుకుంటారు. 2023లో వైట్‌ఫీల్డ్‌కి మెట్రో వచ్చేసింది, మా రోడ్డు మీద ఇంకా పనులే జరుగుతున్నాయి. కంపెనీ తన లాభం చూసుకోవడం తప్పని నేను అనను. ఆ లెక్కలో మేమెక్కడా లేకపోవడమే నా బాధ.

మా ఎదుటి కంపెనీ ఫ్లోర్లన్నీ ఖాళీ చేసి వైట్‌ఫీల్డ్ వెళ్లిపోయింది. ఆ మాట నాకు చెప్పింది రోజూ మా దగ్గర తినే తాడిపత్రి కుర్రాడు. "అన్నా, వచ్చే నెల నుంచి మేం ఇటు రాం" అన్నాడు. అప్పటికే బియ్యం బస్తాలు దించుకున్నాం. పది నెలల అద్దె అడ్వాన్సుగా ఓనరు దగ్గరే ఉంది. ఆయన ఇక్కడి పాతకాపు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, మంచి మనిషి కూడా. అయినా అగ్రిమెంటు అగ్రిమెంటే. వడ్డించే ఒడిశా కుర్రాళ్లలో ఇద్దరిని పంపేయాల్సి వచ్చింది. బిల్డింగ్ మొత్తం లీజుకు తీసుకున్న పీజీ హాస్టల్ వాళ్ల టెన్షన్ మాకంటే ఎక్కువ. మంచాలు ఖాళీగా ఉన్నా లీజు కట్టాల్సిందే.

ఉన్న కంపెనీల వాళ్లూ ఇప్పుడు ఎక్కువగా మంగళ, బుధ, గురువారాల్లోనే ఆఫీసుకు వస్తున్నారు. శుక్రవారం సగం వంట చాలు, జీతాలూ అద్దే మాత్రం సగం కావు. అందుకే అపార్ట్‌మెంట్లకు క్యారియర్లు మొదలుపెట్టాను.

కంపెనీ వస్తున్నప్పుడు ఎన్ని ఉద్యోగాలు వస్తాయో ప్రభుత్వం గట్టిగా చెబుతుంది. వెళ్లేటప్పుడు కూడా చుట్టుపక్కల వాళ్లకు మూడు నెలల ముందు చెప్పాలని నియమం పెట్టాలి. మేం డబ్బు అడగడం లేదు. ముందే తెలిస్తే సరుకు తక్కువ కొంటాం, అడ్వాన్సు గురించి ఓనరుతో మాట్లాడుకుంటాం, కుర్రాళ్లను పంపేముందే వాళ్లకు ఇంకోచోట పని చూస్తాం.